సూదిమందు గదిలో మంచు లోయ

"అల్లరి చేశావంటే డాక్టరుగారితో సూది వేయించేస్తా" అనని ఇల్లు మనకు అరుదు. అన్నం తినకపోయినా అదే మాట, నిద్రపోకపోయినా అదే మాట. అలా పెరిగిన నాలుగేళ్ల పిల్లకి నిజంగానే సెలైన్ పెట్టాల్సి వస్తే ఏమవుతుందో, విశాఖపట్నంలో ఏ పిల్లల వార్డు బయట కాసేపు నిలబడినా వినిపిస్తుంది. తండ్రి కాళ్లు పట్టుకుంటాడు, ఆయా భుజాలు అదిమిపడుతుంది. సిస్టర్ చేతికి రబ్బరు పట్టీ బిగించి, వేలితో తట్టి తట్టి చూసి "నరం దొరకట్లేదమ్మా" అంటుంది.

నరం దొరకకపోవడానికి భయం కూడా ఒక కారణమే. భయపడితే ఒంట్లో అడ్రినలిన్ పెరిగి చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి, కండరాలు బిగుసుకుంటాయి. మొదటిసారి దొరక్క మళ్లీ గుచ్చితే ఆ భయం రెట్టింపవుతుంది. చిన్నపిల్లలు కదా, ఏడుస్తారులే అని వదిలేసే ఈ టెన్షన్ వైద్యానికే అడ్డం పడుతోందన్నమాట.

దీనికి వర్చువల్ రియాలిటీని, అంటే కళ్లకు పెట్టుకునే పెట్టెలాంటి హెడ్‌సెట్‌లో కంప్యూటర్ చూపించే లోకాన్ని, వాడొచ్చన్న ఆలోచన కాలిన గాయాల వార్డులో పుట్టింది. దీపావళి మర్నాడు అలాంటి వార్డు చూసినవాళ్లకు తెలుసు, కాలడం ఒక బాధ, రోజూ కట్టు మార్చడం ఇంకో బాధ. బలమైన మందులిచ్చినా ఆ నొప్పి పూర్తిగా లొంగదు. అమెరికాలోని సియాటెల్‌లో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ అనే సైకాలజిస్టులు ఇలాంటి రోగుల కోసమే 'స్నోవరల్డ్' అనే ఆట తయారుచేయించారు. హెడ్‌సెట్ పెట్టుకుంటే చుట్టూ మంచు లోయ, పెంగ్విన్లు, మంచుమనుషులు. వాటి మీదికి మంచు ఉండలు విసరడమే పని. మంటకి విరుగుడు చల్లదనమని మంచునే ఎంచుకున్నారు. 2000లో, ఇంకో వర్చువల్ లోకంతో చేసి వాళ్లు ప్రచురించిన నివేదికలో ఉన్నది ఇద్దరు టీనేజ్ అబ్బాయిలే. అయినా మామూలు వీడియోగేమ్ ఆడినప్పటికంటే హెడ్‌సెట్ పెట్టుకున్నప్పుడు వాళ్లకు నొప్పి, ఆందోళన బాగా తగ్గాయి. 2004లో ఆరోగ్యవంతులైన వాలంటీర్ల పాదానికి వేడి తగిలిస్తూ మెదడును స్కాన్ చేస్తే, ఆట నడుస్తున్నంతసేపూ నొప్పికి సంబంధించిన ఐదు భాగాల్లో చురుకుదనం తగ్గినట్టు కనిపించింది.

నొప్పి తెలియాలంటే మనసు దాని మీద ఉండాలి. ఆర్కే బీచ్‌లో ఆడుతూ మోకాలు చెక్కుకుపోయిన పిల్లాడు ఇంటికొచ్చి రక్తం చూసుకున్నాకే ఏడుపు లంకించుకుంటాడు. టీవీ కూడా మనసు మళ్లిస్తుంది కానీ, పక్కనే సూది ట్రే కనబడుతూనే ఉంటుంది. హెడ్‌సెట్‌లో తల ఎటు తిప్పినా మంచే.

అలాగని దీన్ని మంత్రదండం చేయకూడదు. 2020లో, వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 17 ప్రయోగాలను, అంటే 4 నుంచి 18 ఏళ్ల పిల్లలు 1,008 మందిని కలిపి పరిశీలించి, ఆధారాల నాణ్యత చాలావరకు తక్కువేనని తేల్చింది. ఎవరు హెడ్‌సెట్ పెట్టుకున్నారో అందరికీ కనబడే ప్రయోగంలో పక్షపాతం లేకుండా చూడటం కష్టం మరి. కొందరికి కళ్లు తిరుగుతాయి. మూర్ఛ ఉన్న పిల్లలకీ, తలకు దెబ్బ తగిలినవాళ్లకీ, కళ్లకలక ఉన్నవాళ్లకీ పెట్టకపోవడమే మంచిది. ఇంకొందరు పిల్లలకు సూది ఎప్పుడు దిగుతుందో కళ్లారా చూస్తేనే ధైర్యం, వాళ్లకు ఈ పెట్టె కళ్లకు కట్టిన గంతే అవుతుంది. ముందుగా చెప్పకుండా, మాయ చేసి సూది గుచ్చడానికి దీన్ని వాడితే మరుసటిసారి హెడ్‌సెట్ చూసినా ఏడుస్తారు. గంట ముందు రాసే మొద్దుబార్చే క్రీము, అమ్మ ఒడి, "కాస్త నొప్పేస్తుంది" అన్న నిజం ఎలాగూ ఉండాల్సిందే.

నాకున్న పేచీ ఆట గురించి. పాడేరు మన్యం నుంచి విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వచ్చిన పిల్లకి ఇంగ్లీషులో సూచనలిచ్చే ఆట ఏం అర్థమవుతుంది? బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఉన్న ఊరు మనది. అందులో కూర్చుని సముద్రం అడుగుకి వెళ్లే ఆటని తెలుగులో మన కుర్రాళ్లే చేయలేరా? చెయ్యి కదపకూడదు కాబట్టి చూపుతోనే ఆడేలా ఉండాలి, అంతే.

ఒక్క హెడ్‌సెట్ కొనే స్తోమతే ఉంటే మాత్రం, దాన్ని తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న పిల్లలకే కేటాయించాలంటాను. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాలి వాళ్లు, ప్రతిసారీ సూదే. కొత్త మోజు తీరిపోదా అంటే, 2001లో ఏడుగురు కాలిన గాయాల రోగుల మీద వరుసగా వాడి చూసినప్పుడు ఫలితం తగ్గలేదు. ఏళ్ల తరబడి వాడాల్సిన పిల్లలకైతే ఆటలు మారుస్తూ ఉండాల్సి వస్తుంది.