ప్రొజెస్టెరాన్ క్రీము: అపోహలు – వాస్తవాలు

కోనసీమలో స్త్రీ వైద్య నిపుణురాలిగా పనిచేస్తున్న నా బల్ల మీదికి ఈమధ్య పాత చీటీలతోపాటు క్రీము ట్యూబులు కూడా వస్తున్నాయి. కొన్ని విదేశాల్లో ఉన్న కూతుళ్లు పంపినవి, మరికొన్ని ఫోనులో ప్రకటన చూసి తెప్పించుకున్నవి. నెలసరి తప్పినా, ఒళ్ళంతా ఆవిర్లు వచ్చినా, నిద్ర పట్టకపోయినా, బరువు పెరిగినా అన్నిటికీ హార్మోన్ల సమతుల్యం తప్పడమే కారణమని, రాత్రి పడుకోబోయే ముందు మణికట్టుకో తొడకో ఈ క్రీము రాసుకుంటే అదే సర్దుకుంటుందని వారికి ఎవరో చెప్పి ఉంటారు. అండాశయం తయారుచేసే హార్మోన్ అయిన ప్రొజెస్టెరాన్ మీద నాకు అభ్యంతరం లేదు. ఆ మందును నేను దాదాపు రోజూ రాస్తాను. చర్మం మీద రాసుకున్న క్రీము గర్భసంచిని కాపాడుతుందన్న నమ్మకమే నన్ను భయపెడుతున్నది.

అపోహ: ఇది దుంప నుంచి తీసిన సహజమైన పదార్థం కాబట్టి హాని ఉండదు.

దుంప మాట అబద్ధం కాదు. 1940ల తొలినాళ్లలో రసెల్ మార్కర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త మెక్సికో అడవి దుంపల నుంచి డయోస్‌జెనిన్ అనే పదార్థాన్ని వేరుచేసి, దానిని అంచెలంచెలుగా మార్చి ప్రొజెస్టెరాన్ తయారు చేశాడు. ఆ దుంప మన లంకల్లో పండే పెండలానికి దాయాదే. అయితే ఆ మార్పంతా ప్రయోగశాలలో జరిగింది. దానిని చేయగల ఎంజైములు మనిషి శరీరంలో లేవు. అందుచేత కేవలం దుంప సారం కలిపిన క్రీము ఎంత రాసుకున్నా, పెండలం పులుసు రోజూ తిన్నా, ఒంట్లో ప్రొజెస్టెరాన్ పుట్టదు.

నిజంగా ప్రొజెస్టెరాన్ కలిపిన క్రీములూ ఉన్నాయి. వాటిలోని అణువు మన అండాశయం తయారుచేసే అణువే కాబట్టి దానిని సహజం అనవచ్చు, కానీ మందుల షాపులో దొరికే మైక్రోనైజ్డ్ (ఒంటికి పట్టేలా మెత్తగా పొడి చేసిన) ప్రొజెస్టెరాన్ క్యాప్సూల్‌లో ఉన్నదీ అదే అణువు. తేడా ఉన్నది మోతాదులోను, ఒంట్లోకి వెళ్ళే దారిలోను. ఒకసారి భార్యతో వచ్చిన రొయ్యల రైతు ఒకరు ట్యూబును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో ఎంత మందుందో ఎక్కడా రాయలేదేంటండీ? చెరువులో ఏదన్నా వేయాలంటే ఎకరాకెంతో అడక్కుండా నేను డబ్బా మూత కూడా తియ్యనండి, ఆయ్" అన్నారు. ఆ ట్యూబు మీద మిల్లీగ్రాముల లెక్క లేదు, బఠాణీ గింజంత రాసుకోమని మాత్రం ఉంది. ఆయన అడిగినదానికన్నా మంచి ప్రశ్న నా దగ్గర కూడా లేదు.

అపోహ: ఆడవాళ్ల ఇబ్బందులన్నిటికీ మూలం ఈస్ట్రోజెన్ ఎక్కువ కావడమే.

ఈస్ట్రోజెన్ కూడా అండాశయం తయారుచేసే హార్మోనే. ఈస్ట్రోజెన్ ఆధిక్యం అన్న ఈ మాటను 1990లలో జాన్ లీ అనే అమెరికన్ వైద్యుడు బాగా ప్రచారంలోకి తెచ్చారు. అందులో కొంత నిజం లేకపోలేదు. అండం విడుదలైన తర్వాతే అండాశయంలో, అండం వెలువడిన చోటే, కార్పస్ లూటియం అనే చిన్న గ్రంథి ఏర్పడి, సుమారు రెండు వారాలపాటు ప్రొజెస్టెరాన్‌ను తయారు చేస్తుంది. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి క్రమం తప్పే సమస్య) ఉన్న అమ్మాయిల్లోను, ముట్లు ఆగిపోయే వయసుకు దగ్గరపడిన వారిలోను నెలల తరబడి అండం విడుదల కాకపోవచ్చు. అప్పుడు ఈస్ట్రోజెన్ ఒక్కటే పనిచేస్తూ గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచుతూ పోతుంది. కానీ నీరసం, జుట్టు రాలడం, బరువు పెరగడం వంటివాటిని కూడా ఇదే గాటన కట్టడం సరికాదు. హార్మోన్ల తేడా అని చెప్పుకుంటూ వచ్చినవారిలో హిమోగ్లోబిన్ 7 దగ్గర తేలినవారిని, థైరాయిడ్ మందగించినవారిని నేను తరచుగా చూస్తుంటాను. వారికి కావలసింది ఐరన్, లేదా థైరాయిడ్ మాత్ర.

ఇక ఉమ్మి పరీక్షతో హార్మోన్ల లెక్క తేల్చి క్రీము అమ్మేవారి సంగతి. క్రీము రాసుకున్నాక ఉమ్మిలో ప్రొజెస్టెరాన్ చాలా ఎక్కువగా కనిపిస్తుంది, అదే సమయంలో రక్తంలో తక్కువగానే ఉంటుంది. ఆ అంకెను నమ్మి వైద్యం చేయలేము.

అపోహ: ఈస్ట్రోజెన్ మాత్ర వాడుతున్నవారికి తోడుగా ఈ క్రీము చాలు.

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. గర్భసంచి ఉన్న స్త్రీ ముట్లు ఆగిన తర్వాత ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే లోపలి పొర అదుపు లేకుండా పెరుగుతుంది. 1995లో ఫలితాలు వెలువడిన పెపి అనే అమెరికన్ పరిశోధనలో ఈస్ట్రోజెన్ మాత్రమే తీసుకున్న అటువంటి స్త్రీలలో మూడేళ్లలో సుమారు మూడోవంతు మందికి ఆ పొరలో క్యాన్సర్‌కు దారితీయగల మార్పులు కనిపించాయి. నెలకు 12 రోజులు 200 మిల్లీగ్రాముల మైక్రోనైజ్డ్ ప్రొజెస్టెరాన్ నోటి ద్వారా కలిపి తీసుకున్నవారికి ఆ ముప్పు తప్పింది. చర్మం ద్వారా రక్తంలోకి చేరే ప్రొజెస్టెరాన్ ఆ పొరను అదుపు చేయగలిగేంత ఉంటుందని భరోసా ఇవ్వలేము.

నా దగ్గరికి వచ్చిన 52 ఏళ్ల ఆవిడ ఒకరు ఆవిర్లకు ఈస్ట్రోజెన్ మాత్ర వేసుకుంటూ, తోడుగా ఇచ్చిన ప్రొజెస్టెరాన్ క్యాప్సూల్ వేసుకుంటే మత్తుగా ఉంటున్నదని దానిని మానేసి క్రీముకు మారారు. ఎనిమిది నెలలకు రక్తం కనిపించింది. వేడి చేసిందనుకుని రెండు నెలలు కొబ్బరినీళ్లు, సబ్జా గింజలతో సరిపెట్టుకున్నారు. స్కానింగ్‌లో పొర మందం 14 మిల్లీమీటర్లు వచ్చింది. ముట్లు ఆగాక రక్తం కనిపించినవారిలో 4 మిల్లీమీటర్లు దాటితేనే మేము ముక్క తీసి పరీక్షకు పంపుతాము. అదృష్టవశాత్తు అది క్యాన్సర్ కాదు, హైపర్‌ప్లేసియా, అంటే పొర కణాలు మితిమీరి పెరగడం. ఆ మత్తుకు విరుగుడు క్యాప్సూల్‌ను పడుకునే ముందు వేసుకోవడమే, ఆ మాట ఆవిడకు ముందే ఎవరైనా చెప్పవలసింది. ముట్లు ఆగి ఏడాది దాటిన తర్వాత ఒక్క చుక్క కనిపించినా వేడి అనుకోకుండా చూపించుకోవాలి.

అపోహ: గర్భసంచి తీయించుకున్నవారికి ఇది మరీ అవసరం.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో సుమారు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద అది 3 శాతం. కాబట్టి ఈ ప్రశ్న మన దగ్గర ఎక్కువగానే వస్తుంది. మేము సాధారణంగా ఈస్ట్రోజెన్‌తోపాటు ప్రొజెస్టెరాన్ ఇచ్చేది గర్భసంచి పొర కోసం. ఆ సంచే లేనప్పుడు కాపాడవలసిన పొర కూడా ఉండదు. చిన్న వయసులో అండాశయాలు కూడా తీసేసి ఉంటే వారికి ప్రధానంగా కొరవడేది ఈస్ట్రోజెన్, దాని గురించే వైద్యులను అడగాలి.

అపోహ: క్రీముతో ఆవిర్లు తగ్గి, ఎముకలు గట్టిపడతాయి.

1999లో అమెరికాలో 102 మందితో జరిగిన ఒక పరిశోధనలో క్రీము వాడినవారికి ఆవిర్లు బాగా తగ్గాయి, ఎముకల సాంద్రతలో మాత్రం తేడా రాలేదు. 2003లో ఆస్ట్రేలియాలో 80 మందికి రోజుకు 32 మిల్లీగ్రాముల చొప్పున 12 వారాలు ఇచ్చి చూస్తే ఆవిర్లు కూడా తగ్గలేదు. ఎవరికైనా హాయిగా ఉందంటే నేను వాదించను. ఎముకల కోసమని మాత్రం రాసుకోవద్దు.

అపోహ: గర్భం నిలవడానికి కూడా ఇదే రాసుకోవచ్చు.

కూడదు. గర్భం తొలి వారాల్లో రక్తం కనిపించి, అంతకుముందు గర్భస్రావం అయినవారికి మేము యోని మార్గంలో పెట్టుకోమనే ప్రొజెస్టెరాన్ మోతాదు 400 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. చర్మానికి రాసే క్రీము దానికి బదులు కాదు.

ఇప్పటికే వాడుతున్నవారు వైద్యుల దగ్గరికి వచ్చేటప్పుడు ట్యూబును, దాని అట్టపెట్టెను వెంట తీసుకురండి. చివరి నెలసరి తేదీని, ఎన్నాళ్లుగా ఎక్కడ రాస్తున్నారో కూడా ఒక కాగితం మీద రాసుకోండి; ప్రొజెస్టెరాన్ రక్తపరీక్ష చేయించవలసి వస్తే ఆ వివరాలు లేకుండా ఫలితాన్ని చదవలేము. రాసిన చోటు చిన్నపిల్లల ఒంటికి తగలకుండా చూసుకోండి. ఈస్ట్రోజెన్ మాత్ర కూడా వాడుతూ గర్భసంచి ఉన్నవారు మాత్రం తదుపరి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఈ వారంలోనే ఫోను చేయండి.