వేళాపాళా లేని డ్యూటీలు, తిండి, వ్యాయామం: అపోహలు – వాస్తవాలు

నేను విజయవాడలో డైటీషియన్‌ని. రైల్వే జంక్షను, పెద్ద బస్టాండు, వీధికో ఆసుపత్రి ఉన్న ఊరు కాబట్టి నా దగ్గరికి వచ్చేవాళ్ళలో పది నుంచి ఐదు ఉద్యోగాల వాళ్ళు తక్కువ. గూడ్స్ లోకో పైలట్లు (రైలింజను నడిపేవాళ్ళు), ఆర్టీసీ డ్రైవర్లు, కండక్టర్లు, బందోబస్తులకు తిరిగే కానిస్టేబుళ్ళు, నైట్ డ్యూటీ నర్సులు ఎక్కువ. వీళ్ళలో చాలామంది అప్పటికే ఒకటి రెండు డైట్ చార్టులు మొదలుపెట్టి వదిలేసి ఉంటారు. “మాకు క్రమశిక్షణ లేదు మేడమ్” అని తమనే తిట్టుకుంటారు. రాత్రి మూడింటికి ఫోన్ వస్తే ఐదింటికల్లా ఇంజన్ ఎక్కే మనిషికి క్రమశిక్షణ లేదంటే నేనొప్పుకోను. ఎనిమిదికి టిఫిను, పదకొండుకి పండు, ఒంటిగంటకి భోజనం అని రాసిన ఆ చార్టే వాళ్ళకి పనికిరాదు. అది రోజూ ఒకే వేళకి లేచి, ఒకే వేళకి ఇంటికొచ్చే మనిషి కోసం రాసింది.

కింద ఉన్నవన్నీ నా గదిలో తరచూ వినిపించే మాటలే.

అపోహ: “రోజూ గంట చేస్తేనే వ్యాయామం. అంత తీరిక లేనప్పుడు మొదలుపెట్టడమే దండగ.”

పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, లేదంటే 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ కావాలని, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఓ మోస్తరు అంటే మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఒక్కో విడత పది నిమిషాలైనా ఉండాలని ఇదివరకు ఓ షరతు ఉండేది. 2020లో దాన్ని తీసేశారు. మూడు అంతస్తులు గబగబా ఎక్కినా అది లెక్కలోకి వచ్చినట్టే.

బ్రిటన్‌లో దాదాపు 90 వేలమంది చేతికి కదలికల్ని కొలిచే పరికరం కట్టి చేసిన పరిశీలన 2023లో వెలువడింది. వారం మొత్తం శ్రమలో సగానికి పైగా ఒకటి రెండు రోజుల్లోనే చేసేసేవాళ్ళలోనూ, వారమంతా కొంచెం కొంచెం చేసేవాళ్ళలోనూ గుండె జబ్బుల ముప్పు దాదాపు ఒకేలా తక్కువగా కనిపించింది. రెస్టు ఎప్పుడొస్తుందో తెలియనివాళ్ళకి ఇంతకంటే మంచి కబురు లేదు. రెస్టు దొరికిన రోజు ముప్పావు గంట చురుగ్గా నడవండి. డ్యూటీ రోజు స్నానానికి వెళ్ళే ముందు కాసిని గుంజీలు, గోడకి చేతులు ఆనించి పుషప్పులు, కాసేపు ప్లాంకు చాలు. వీటికి జిమ్ అక్కర్లేదు. రన్నింగ్ రూమ్‌లో (రైలు సిబ్బంది డ్యూటీల మధ్య పడుకునే గదిలో) మంచం పక్కన ఉన్న జాగాలోనే అయిపోతాయి.

ఇంకో సంగతి. కొన్ని వారాలపాటు వారానికి ఒక్కసారే చేసినా, చేసేటప్పుడు కష్టం తగ్గించకపోతే, అప్పటికి సంపాదించుకున్న బలం చాలావరకు నిలబడుతుంది. అందుకే దసరాకి ఇంద్రకీలాద్రి దగ్గర బందోబస్తులో ఉండే కానిస్టేబుల్‌కి ఆ రోజుల్లో నేను వ్యాయామం రాయను. దొరికినంత నిద్ర, నీళ్ళు, గదికి చేరాక కాళ్ళు గోడకి ఎత్తిపెట్టి పది నిమిషాలు పడుకోవడం. అంతే. మానేశానే అన్న దిగులుతో పండగయ్యాక కూడా మళ్ళీ మొదలుపెట్టకపోవడం వల్లే అసలు నష్టం.

అపోహ: “డ్యూటీలో రోజంతా తిరుగుడే, నిలబడుడే. మాకు వేరే వ్యాయామం ఎందుకు?”

ఈ మాట కండక్టర్లు, నర్సులు, ట్రాఫిక్ కానిస్టేబుళ్ళు అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. అసలు శ్రమకీ గుండెకీ ఉన్న సంబంధాన్ని గట్టిగా బయటపెట్టింది బస్సు ఉద్యోగుల మీద జరిగిన పరిశీలనే. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో డ్రైవరు పొద్దస్తమానం కూర్చునే ఉండేవాడు, కండక్టరు పైకీ కిందికీ మెట్లెక్కి దిగుతూ ఉండేవాడు. డ్రైవర్ల కంటే కండక్టర్లలో గుండె జబ్బు తక్కువని జెరెమీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్య పరిశోధకుడి బృందం 1953లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించింది. వాళ్ళు అంతటితో ఆగలేదు. మూడేళ్ళ తర్వాత సంస్థ ఇచ్చే యూనిఫారాల కొలతలు తీసి చూస్తే, డ్రైవర్ల ప్యాంట్ల నడుము కుర్రవయసు నుంచే ఎక్కువగా ఉందని తేలింది. అంటే తేడా అంతటికీ డ్రైవరు సీటే కారణం అనడానికి లేదన్నమాట. తమ వాదానికి అడ్డొచ్చే సాక్ష్యాన్ని తామే వెతికి అచ్చువేశారు చూడండి, నాకు ఆ పనంటే చాలా గౌరవం.

మన కండక్టరుకి ఎక్కడానికి మెట్లెక్కడివి? కిక్కిరిసిన బస్సులో ఓ భుజం సీటుకి ఆనించి, నడుము వంచి టికెట్లు కొట్టడం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంతో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చాక రద్దీ ఇంకా పెరిగింది. గంటల తరబడి నిలబడితే మడమలు, నడుము నొప్పి పెడతాయి, పిక్కల్లో నరాలు ఉబ్బుతాయి. ఆయాసం వచ్చేలా మాత్రం ఒళ్ళు పని చేయదు. వ్యాయామంలో గుండె వేగం కాసేపు బాగా పెరిగి దిగుతుంది, ఆ తర్వాత విశ్రాంతి ఉంటుంది. డ్యూటీ శ్రమలో ఈ రెండూ ఉండవు. అందుకని ఇలాంటివాళ్ళకి ఇంకా నడవమని చెప్పను. బలం పెంచేవి, పిక్కలు, తొడ వెనక కండరాలు సాగదీసేవి చెబుతాను. రోజూ పదివేల అడుగులు వేసి తీరాలన్న పట్టింపూ అక్కర్లేదు. ఆ అంకె 1960ల్లో జపాన్‌లో అమ్మిన ఓ అడుగుల మీటరు పేరు నుంచి వచ్చింది. ఏడువేల దగ్గరే చాలా లాభం అందుతుందని ఇప్పటి పరిశోధనలు చెబుతున్నాయి.

అపోహ: “రాత్రి ఎనిమిది దాటాక తిన్నదంతా కొవ్వే.”

పగటి మనుషుల కోసం పుట్టిన సూత్రాన్ని నైట్ డ్యూటీకి అతికిస్తే ఏమవుతుందో చెబుతాను. ఏడింటికే నాలుగు మెతుకులు తిని డ్యూటీ ఎక్కుతారు. రెండింటికి కడుపు కాలిపోతుంది. ఆ టైములో స్టేషన్ బయట దొరికేది బిర్యానీ, నూడుల్స్, బజ్జీలు. కడుపునిండా తింటారు, నాలుగింటికి కళ్ళు మూతలు పడతాయి.

ఈ మాటలోనూ నిజం పాలు ఉంది. అర్ధరాత్రి మన ఒంట్లో ఇన్సులిన్ పగలంత బాగా పనిచేయదు. అదే అన్నం పగలు తిన్నప్పటి కంటే అప్పుడు తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది. కాబట్టి అర్ధరాత్రి నుంచి తెల్లవారే దాకా తిండి తేలిగ్గా ఉండాలి, అసలు భోజనం డ్యూటీకి ముందే అయిపోవాలి. నా చార్టుల్లో అందుకే గంటలు ఉండవు, మూడు పూటలే ఉంటాయి: ఎక్కే ముందు, మధ్యలో, దిగాక.

ఎక్కే ముందు నిండు భోజనం. అన్నం, పప్పు, ఓ కూర, గుడ్డో చేపో, పెరుగు. అది సాయంత్రం ఐదైనా, తెల్లవారుజాము నాలుగైనా సరే. లేచిన వెంటనే సయించదంటే సగం తిని, మిగతాది మొదటి రెండు గంటల్లో తినమంటాను. దిగాక ఇడ్లీయో, పాలూ అరటిపండో తిని పడుకోవాలి. ఖాళీ కడుపుతో పడుకుంటే మధ్యలో మెలకువ వస్తుంది.

మధ్యలో పూటే కష్టం, ఎందుకంటే అది బ్యాగులో పాడవకుండా ఉండాలి. వేయించిన సెనగలు, పల్లీలు, జామకాయ, కీరదోస దెబ్బతినవు. ఉడికించిన గుడ్లు వేసవిలో మొదటి రెండు మూడు గంటల్లోనే తినేయాలి. పెరుగన్నం పట్టుకెళ్తే ఇంజన్ క్యాబిన్ వేడికి పులిసిపోతుందని లోకో పైలట్లు మానేస్తుంటారు. దానికి మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న ఉపాయమే ఉంది: మెత్తగా కలిపిన గోరువెచ్చని అన్నంలో పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు తోడు వేసి డబ్బా మూత పెట్టండి. తినే వేళకి కమ్మగా తోడుకుని ఉంటుంది.

బందోబస్తులో ఇచ్చే ప్యాకెట్ సంగతి వేరు. పులిహోరో, సాంబారన్నమో, వెజ్ బిర్యానీయో, ఏదైనా అంతా అన్నమే. పారేయమనను. సగం తినండి, జేబులో సెనగలు, దొరికితే బయట రెండు గుడ్లు కలుపుకోండి. మిగతా సగం మూడు గంటల్లోపు తినేయాలి, లేదంటే వదిలేయాలి. మధ్యాహ్నం వచ్చిన ప్యాకెట్ రాత్రికి దాచుకుని వాంతులతో ఆసుపత్రిలో చేరినవాళ్ళున్నారు.

అపోహ: “నీళ్ళు తక్కువ తాగితే డ్యూటీకి ఇబ్బంది ఉండదు.”

దీన్ని అపోహ అనడానికి నోరు రాదు, ఎందుకంటే ఇది గతిలేక చేసే పని. చాలా రైలింజన్లలో ఇప్పటికీ టాయిలెట్ లేదు. మహిళా కానిస్టేబుళ్ళకి రోడ్డు మీద బందోబస్తంటే మొదటి బెంగ అదే. ఎక్కువ నీళ్ళు తాగండని వాళ్ళకి నీతులు చెప్పే ముందు, ఆ ఏర్పాటు చేయాల్సినవాళ్ళని అడగాలి. అది వచ్చేలోపు చేయగలిగింది: డ్యూటీకి గంటన్నర ముందు రెండు గ్లాసులు తాగి, బయల్దేరే ముందు టాయిలెట్‌కి వెళ్ళిరండి. దిగాక తాగాల్సినంతా ఒక్కసారి కాకుండా రెండు మూడు గంటల్లో తాగండి. మూత్రం ముదురు పసుపులో ఉంటే నీళ్ళు చాలనట్టే. మంట, నడుము పక్కన పోటు, చలిజ్వరం ఉంటే మజ్జిగ, కొబ్బరినీళ్ళతో సరిపెట్టుకోకుండా డాక్టరుకి చూపించుకోండి.

అపోహ: “టీ తాగితే ఏముంది, అది తిండి కాదుగా!”

బడ్డీకొట్టు టీలో రెండు చెంచాల పంచదార ఉంటే సుమారు పది గ్రాములు. నైట్‌లో ఆరు టీలంటే అరవై. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకి 20–25 గ్రాములు మించొద్దంది. టీ మానమనడం లేదు. పంచదార తగ్గించండి, డ్యూటీ మొదటి సగంలో తాగండి. తాగిన కెఫీన్‌లో సగం అయిదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. తెల్లవారుజాము నాలుగింటికి తాగిన టీ పొద్దున తొమ్మిదింటి నిద్రని చెడగొడుతుంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ వద్దు, తిండిలోని ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు.

అపోహ: “అన్నం మానేసి చపాతీ, ప్రోటీన్ పౌడర్ మొదలుపెడితే చాలు.”

నాలుగు చపాతీల పిండిలో ఉండే క్యాలరీలు, 300 గ్రాముల అన్నంలో ఉండేవి దాదాపు సమానం. పైన వేసిన నూనె అదనం. అన్నం తగ్గించి కూర పెంచితే సరిపోతుంది. ప్రోటీన్ 65 కిలోల మనిషికి రోజుకి 55 గ్రాముల దాకా చాలు. రెండు గుడ్లలో పన్నెండు, 30 గ్రాముల మీల్‌మేకర్‌లో పదిహేను గ్రాములు వస్తాయి. మిగతాది పప్పు, పెరుగు, సెనగలు, అన్నంలోంచి వచ్చేస్తుంది. డబ్బా ఖర్చు ఎందుకు?

అపోహ: “నైట్ దిగి అటునుంచి అటే జిమ్‌కి వెళ్తే గట్టి మనిషి.”

వద్దు. నిద్ర చాలనప్పుడు ఆకలి పెరుగుతుంది, తీపి, నూనె వస్తువుల మీదికి మనసు పోతుంది. బరువులెత్తేటప్పుడు ఒళ్ళు అదుపు తప్పి దెబ్బలు తగులుతాయి. అయిదు గంటలు కూడా పడుకోకపోతే ఆ రోజు వ్యాయామం బదులు నిద్రే. నైట్ దిగి బండి నడుపుకుంటూ వచ్చేటప్పుడు కునుకు రావడం అన్నిటికంటే ప్రమాదం. పడుకుని లేచాక, తర్వాతి డ్యూటీకి ముందు చేసుకోండి.

అపోహ: “డ్యూటీలో తినడం కుదరకపోతే షుగర్ మాత్ర మాత్రం టైముకి వేసుకోవాలి.”

ఇది ప్రాణం మీదికి తెచ్చే మాట. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ తీసుకుని తినకపోతే షుగర్ బాగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం స్టీరింగ్ దగ్గర వస్తే బస్సంతటికీ ప్రమాదం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి ఆ ముప్పు తక్కువ. అలాగని సొంతంగా మాత్రలు ఆపడం, జరపడం కూడా చేయొద్దు. జేబులో గ్లూకోజు పొడో, పంచదారో పెట్టుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు బ్లడ్ రిపోర్టులతో పాటు గత నెల డ్యూటీలు కూడా ఓ కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. డిపోలో అంటించిన చార్టులోవి కాదు, నిజంగా ఎక్కిన టైము, దిగిన టైము, తిన్నది, పడుకున్నది. ఏ మాత్ర ఏ పూటతో వేసుకోవాలో ఆ కాగితం చూపించి అడగండి.