షియోన్ కోట: సరస్సు చూసే ముఖం, దారి చూసే ముఖం

స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు తూర్పు కొసన, మాంత్రో, విల్‌నవ్ పట్టణాల మధ్య, ఒడ్డుకు కొద్ది దూరంలో నీటిలో ఉన్న రాతిదిబ్బ మీద షియోన్ కోట ఉంది. మాంత్రో వైపు నుంచి చూసేవారికి నీళ్లలోంచే లేచినట్టున్న గోడలు, వాటి వెనుక మంచు శిఖరాలు కనిపిస్తాయి. అయితే కోటకు పైనున్న కొండవాలు మీద, 2 కిలోమీటర్లకు పైగా పొడవున, 1969లో పూర్తయిన మోటారు రహదారి వంతెన సాగిపోతుంది. ఇంత అందమైన దృశ్యం పక్కన ఈ కాంక్రీటు ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు జవాబు కోట పుట్టుకలోనే ఉంది.

ఇక్కడ కొండ దాదాపు నీటి అంచు దాకా దిగి వస్తుంది. నడవడానికి మిగిలేది సన్నని పట్టీ మాత్రమే. ఉత్తరం నుంచి రోన్ లోయలోకి ప్రవేశించి, గ్రాండ్ సాన్ బెర్నార్ కనుమ మీదుగా ఇటలీకి వెళ్లే వర్తకులూ యాత్రికులూ ఆ పట్టీ గుండానే వెళ్లాలి. అక్కడ కాపలా పెట్టినవారి చేతిలో దారీ, దాని సుంకమూ ఉంటాయి. 1150 నాటి పత్రంలో ఈ కోట ఆల్ప్స్ ప్రాంతాన్ని ఏలిన సవాయ్ వంశ ప్రభువుల అధీనంలో ఉన్నట్టు కనిపిస్తుంది. 13వ శతాబ్దంలో ఆ వంశానికే చెందిన రెండవ పీటర్ కాలంలో దీన్ని బాగా విస్తరించారు. కొండ వైపు బురుజులు, సన్నని బాణపు రంధ్రాలు. సరస్సు వైపు ప్రభువుల మందిరాలు, విశాలమైన కిటికీలు. ఒకే కట్టడం దారిని అనుమానంతోనూ, నీటిని ఆనందంతోనూ చూసింది.

మనకు అలవాటైన చూపు మాత్రం సరస్సు వైపుదే, దాన్ని స్థిరపరచినది కవిత్వం. జెనీవాలో సాన్ విక్తోర్ మఠాధిపతి అయిన ఫ్రాంస్వా బోనివార్, సవాయ్ డ్యూక్‌ను ఎదిరించినందుకు 1530లో బందీ అయ్యాడు. ఈ కోట నేలమాళిగలో స్తంభానికి గొలుసుతో కట్టబడి నాలుగేళ్లు గడిపాడు. 1536లో స్విస్ నగర రాజ్యమైన బెర్న్ సేనలు కోటను గెలిచినప్పుడు విడుదలయ్యాడు. 1816లో ఇక్కడికి వచ్చిన ఆంగ్ల కవి బైరన్ అతని మీద కావ్యం రాశాక ఐరోపా నలుమూలల నుంచీ యాత్రికులు కదిలారు. ఒక స్తంభం మీద చెక్కిన బైరన్ పేరును నేటికీ అద్దం పెట్టి కాపాడుతున్నారు.

ఇదే కోటలో బోనివార్ బందీ కావడానికి దాదాపు రెండు శతాబ్దాల ముందు జరిగినదానికి అంతటి కావ్యం దక్కలేదు. 1348లో ప్లేగు వ్యాపించినప్పుడు, బావుల్లో విషం కలిపారన్న ఆరోపణతో చుట్టుపక్కల యూదులను తెచ్చి షియోన్‌లో బంధించారు. చిత్రహింసలు పెట్టి, అవతలి ఒడ్డునున్న తోనోన్‌కు చెందిన ఒక శస్త్రవైద్యుడి చేత, మరికొందరి చేత నేరం ఒప్పించారు. ఆ వాంగ్మూలాల నకళ్లను కోట అధికారి స్ట్రాస్‌బర్గ్‌కు పంపాడు. 1349 ఫిబ్రవరిలో ఆ నగరంలో యూదులను వందల సంఖ్యలో కాల్చి చంపారు. దారిని కాచే కోట వదంతిని కూడా అంత దూరం మోసిందన్నమాట. బోనివార్ స్తంభం ముందు ఆగే ప్రతి ఒక్కరికీ ఈ సంగతి కూడా తెలియాలని నా కోరిక.

బెర్న్ పాలన 1798లో ముగిసింది, ఆ తర్వాత కోట స్విట్జర్లాండ్‌లోని వో రాష్ట్రానికి దక్కింది. 19వ శతాబ్దం చివర, పురావస్తు పరిశోధన తోడుగా, పద్ధతి ప్రకారం పునరుద్ధరణ మొదలైంది. కానీ ఇరుకు మార్గం ఇరుకుగానే ఉంది. 1861లో రైలు పట్టాలు కోట గోడల పక్కనుంచే వేశారు. రోడ్డుకూ వేరే చోటు లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో స్విస్ సైన్యం ఇదే దారిని మూసేందుకు కోటకు ఎదురుగా, కొండ రాతిని తొలిచి, రహస్య దుర్గం కట్టింది. ఆ తర్వాత వచ్చిన మోటారు రహదారికి కింద చోటు మిగలక, కొండవాలు మీద స్తంభాలెత్తి నడిపించారు.