ఒంటరి సంతకం: ప్రొఫెసర్ షెనాయ్, విశాఖ ఉక్కు

కూర్మన్నపాలెం కూడలిలో, విశాఖ ఉక్కును అమ్మొద్దంటూ వేసిన దీక్షా శిబిరం దగ్గర ఒక పెద్దాయన తన ఆర్ కార్డు చూపించాడు. భూమి ఇచ్చిన నిర్వాసిత కుటుంబానికి ప్లాంటులో ఉద్యోగం ఇస్తామని రాసిచ్చిన కార్డది. మడతల దగ్గర చిరిగితే సెల్లో టేపు అంటించి, రేషను కార్డుతో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు. ఉద్యోగం రాలేదు. కొడుక్కైనా వస్తుందని ఎదురుచూసి, ఇప్పుడు మనవడి పేరు చెబుతున్నాడు. నేను ఆర్థికశాస్త్రం చదివానని తెలిసి సూటిగా అడిగాడు: "గవర్నమెంటు యాపారం చెయ్యకూడదని ముందు అన్నోడు ఎవరు బాబూ?"

ఫలానా అని ఒకరి పేరు చెప్పడం కష్టం. అయితే మన దేశంలో ప్రభుత్వ కాగితం మీదే, సంతకం పెట్టి మరీ ఆ మాట అన్న మనిషి ఒకరున్నారు. బెళ్లికోత్ రఘునాథ్ షెనాయ్. మా రోజుల్లో ప్రణాళికల పేపరుకు చదివిన గైడులో ఆయన గురించి ఒకే వాక్యం ఉండేది: "షెనాయ్ విభేదించాడు." ఎందుకు విభేదించాడో పరీక్షలో అడగరు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

1905లో మంగళూరు వైపు ఒక పల్లెలో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వెళ్లారు. 1931లో ఆస్ట్రియా ఆర్థికవేత్త హాయెక్ అక్కడికి వచ్చి ధరల మీద, ఉత్పత్తి మీద ఉపన్యాసాలిచ్చినప్పుడు విన్నవాళ్లలో ఈయనా ఒకరు. బ్యాంకులు చౌకగా అప్పులు పంచి పెట్టుబడి పెంచితే అది నిజమైన పొదుపు కాదనీ, ఆ వాపు ఎప్పుడో ఒకప్పుడు దిగిపోతుందనీ ఆ ఉపన్యాసాల సారం. షెనాయ్ జీవితాంతం పట్టుకున్న తాడు ఇదే. ఆ తర్వాత కొలంబోలో పాఠాలు చెప్పారు, రిజర్వు బ్యాంకులో పనిచేశారు, వాషింగ్టన్‌లో అంతర్జాతీయ ద్రవ్యనిధి వ్యవహారాలు చూశారు. 1954లో అహ్మదాబాదు వచ్చి గుజరాత్ విశ్వవిద్యాలయంలో సాంఘిక శాస్త్రాల విభాగానికి డైరెక్టరయ్యారు. అంటే గాలి మేడల పంతులేమీ కాదు, నోట్లు అచ్చయ్యే చోట లోపల కూర్చుని లెక్క చూసిన మనిషి.

1955లో రెండో పంచవర్ష ప్రణాళిక ముసాయిదా తయారైంది. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ గీసిన బొమ్మ అది: ముందు ఉక్కు, యంత్రాలు, భారీ పరిశ్రమలు, బట్ట, బియ్యం, చిన్న సరుకులు తర్వాత. దాన్ని పరిశీలించడానికి ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్ అధ్యక్షతన ఆర్థికవేత్తల సంఘం వేశారు. గాడ్గిల్, వి.కె.ఆర్.వి.రావు వంటి ఉద్దండులు అందులో ఉన్నారు. అందరూ సంతకాలు పెట్టారు. షెనాయ్ మాత్రం విడిగా భిన్నాభిప్రాయ పత్రం రాసిచ్చారు.

ఆ పత్రంలోని వాదన మన ఇళ్లలో పెళ్లి ఖర్చు లెక్కలాంటిది. అప్పటికి దేశ ఆదాయంలో పొదుపు ఏడు శాతం దరిదాపుల్లో ఉంది. ప్రణాళికకేమో అంతకు మించి కావాలి. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? లోటు బడ్జెట్ నుంచి, అంటే నోట్లు అచ్చేసి. చివరికి ఖరారైన ప్రణాళికలో ప్రభుత్వ ఖర్చు 4,800 కోట్లు, అందులో లోటు పద్దు ఒక్కటే 1,200 కోట్లు. ఇలా చేస్తే ధరలు పెరుగుతాయి, దిగుమతులు పెరుగుతాయి, విదేశీ మారకం కరిగిపోతుంది. దాన్ని ఆపడానికి ధరల మీద, దిగుమతుల మీద ఆంక్షలు, అంటే కంట్రోళ్లు పెడతారు, ఒక కంట్రోలును కాపాడటానికి ఇంకో కంట్రోలు వస్తుంది. ఇదీ షెనాయ్ చెప్పింది. పరిశ్రమలను ప్రభుత్వం చేతిలోకి ఇంకా ఇంకా తీసుకోవడం వద్దనీ, ఉన్న కంట్రోళ్లు తీసెయ్యాలనీ కూడా రాశారు. అదే ఏడాది ఆర్థిక శాఖ పిలిపించగా అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ వచ్చి ఇంచుమించు ఇదే ధోరణిలో ఒక పత్రం ఇచ్చి వెళ్లాడు. దాన్ని బీరువాలో పెట్టేశారు.

షెనాయ్ మాట నిజమవడానికి రెండేళ్లయినా పట్టలేదు. యుద్ధకాలంలో బ్రిటన్ మనకు బాకీపడగా పోగైన స్టెర్లింగ్ (పౌండ్ల) నిల్వలు హారతి కర్పూరంలా అయిపోయాయి. 1958లో పరాయి దేశాలన్నీ ఒక బల్ల చుట్టూ కూర్చుని మనకు అప్పు ఎంతివ్వాలో మాట్లాడుకునే పరిస్థితి వచ్చింది. అప్పటికి ఉక్కు కర్మాగారాలైన రూర్కెలా, భిలాయ్, దుర్గాపూర్‌ల పని సగంలో ఉంది. ఒకటి జర్మన్లది, ఒకటి రష్యన్లది, ఒకటి ఇంగ్లీషువాళ్లది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ముందే హెచ్చరించినందుకు షెనాయ్‌కి దక్కింది దండ కాదు, వెలి. ఢిల్లీలో ఆయన్ను అడిగే నాథుడు లేడు. ఇంగ్లండు నుంచి ఆర్థికవేత్త పీటర్ బావర్ వంటివారు మెచ్చుకున్నారు, స్వేచ్ఛా మార్కెట్ మేధావుల సంఘమైన మాంట్ పెలెరిన్ సొసైటీలో చేర్చుకున్నారు. ఇంట మాత్రం "అమెరికా పక్షం" అన్న ముద్ర పడింది. తమాషా ఏమిటంటే, అమెరికా డాలర్లు అడక్కుండా రూపాయలకే అమ్మిన పీఎల్-480 (ఆహార సాయం చట్టం) గోధుమలను గట్టిగా విమర్శించిందీ ఆయనే. ఆ గోధుమలు మన రైతు ధరను పడగొడుతున్నాయన్నారు.

రైతు అనగానే ఆంధ్రలో రంగా గుర్తుకొస్తారు. నిడుబ్రోలు నుంచి ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్లి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆర్థికశాస్త్రమే బోధించిన ఎన్.జి.రంగా, సహకార సేద్యం తీర్మానం మీద కాంగ్రెస్‌తో తెగతెంపులు చేసుకుని 1959లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. పర్మిట్ లైసెన్స్ రాజ్ పోవాలన్నది ఆ పార్టీ కేక. దాని వెనక లెక్కలు చాలావరకు షెనాయ్ వంటి వారివే. 1967లో రంగా లోక్‌సభకు గెలిచింది మన పక్క శ్రీకాకుళం నుంచే. అంటే స్వేచ్ఛా మార్కెట్ మాట ఉత్తరాంధ్రకు టీవీ చర్చలతో వచ్చిన కొత్త సరుకేమీ కాదు, ఇక్కడ ఓట్లు కూడా తెచ్చుకుంది.

ఇక 1966. ఈ కథలో నన్ను ఎక్కువగా ఆపేది ఆ ఏడాదే.

అయిదో ఉక్కు కర్మాగారానికి విశాఖ అనువైన చోటు అని 1965లో బ్రిటిష్, అమెరికన్ నిపుణుల బృందం తేల్చింది. ఓడరేవు ఉంది, బొగ్గు దింపుకోవచ్చు, ఉక్కు ఎక్కించుకోవచ్చు. కానీ మరుసటి ఏడాదికి ఖజానా ఖాళీ. రెండు యుద్ధాలు, వరస కరవులు, పైన పాత అప్పులు. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు. డాలరుకు 4 రూపాయల 76 పైసలున్నది ఒక్క రాత్రిలో ఏడున్నర అయింది. నాలుగో ప్రణాళిక మొదలుపెట్టడానికే డబ్బు లేక మూడేళ్లు ప్రణాళికకు సెలవిచ్చారు. షెనాయ్ పదకొండేళ్ల క్రితం రాసిన కాగితం అక్షరాలా కళ్లెదుట నిలబడిన ఏడు అది. సరిగ్గా ఆ ఏడాదే అక్టోబరులో అమృతరావు విశాఖలో ఆమరణ దీక్షకు కూర్చున్నారు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న నినాదం ఊరూరా పాకింది. రాష్ట్రావతరణ దినాన, నవంబర్ 1న, విశాఖ వీధుల్లో పోలీసులు కాల్పులు జరిపారు. ఉద్యమం మొత్తం మీద 32 మంది పోయారని ఇక్కడ చెప్పుకుంటారు.

కంట్రోళ్లు వద్దన్న స్వతంత్ర పార్టీ వాళ్లు అప్పుడు ఎటున్నారు? గౌతు లచ్చన్న ఉక్కు ఉద్యమంలోనే ఉన్నారు. కమ్యూనిస్టుల పక్కనే. దీన్ని ద్వంద్వనీతి అని నేననను. భిలాయ్‌కి, బొకారోకి ఢిల్లీ పంచిపెడుతున్నప్పుడు, పంపిణీయే తప్పని సిద్ధాంతం చెప్పి మన వంతు వదులుకోమంటే ఎవరు వింటారు? ఇంకో సంగతి కూడా ఉంది. 1956 నుంచి ఉక్కుకు రైలు కిరాయి సమం చేసి దేశమంతా ఒకే ధర పెట్టారు. మార్కెట్ అంటూ ఒకటి ఉండి ఉంటే రేవు ఒడ్డునున్న విశాఖకు ఎవరి సిఫారసూ అక్కర్లేకుండానే కొలిమి వచ్చేదేమో. ఆ దారి మూసేశాక మిగిలింది రోడ్డెక్కడమే.

1970 ఏప్రిల్‌లో ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్లాంటు ప్రకటించారు, 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అక్కణ్నుంచి ఉత్పత్తి దాకా ఇరవై ఏళ్లు. ఖర్చు అంచనా రెట్టింపు దాటింది. 64 ఊళ్లు ఖాళీ అయ్యాయి. షెనాయ్ ఇదంతా చూడలేదు. 1968లో అహ్మదాబాదు వదిలి ఢిల్లీలో సొంతంగా ఒక పరిశోధన కేంద్రం పెట్టుకుని, 1978 ఫిబ్రవరిలో పోయారు.

1991లో లైసెన్సుల కోట కూల్చిన పి.వి.నరసింహారావే 1992 ఆగస్టు 1న విశాఖ ఉక్కును జాతికి అంకితం చేశారు. అదే ఏడాది మొదట్లో ఉక్కు ధరల మీద కంట్రోలు ఎత్తేశారు. అంటే పాత కాలపు అప్పుతో పుట్టిన బిడ్డను కొత్త కాలపు సంతలో వదిలారు. పైగా సొంత ఇనుప ఖనిజం గనులు లేవు. ఖనిజం బయట కొనుక్కోవాల్సిందే. అయినా 2000 తర్వాత ధరలు బాగున్న రోజుల్లో నష్టాలన్నీ పూడ్చుకుని లాభాల్లోకి వచ్చింది. ఈ సంగతి ప్రైవేటీకరణ చర్చలో ఎవరూ ఎత్తరు.

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం నూటికి నూరు శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఇక అప్పటి నుంచి షెనాయ్ పేరెత్తకుండా ఆయన మాటలే వినిపించాయి: వ్యాపారం ప్రభుత్వం పని కాదు. నా అభ్యంతరం అక్కడే. వాళ్లు ఆయన మాటలో సగమే తెచ్చుకున్నారు. కంట్రోళ్ల మీద షెనాయ్ కోపానికి కారణం, లైసెన్సు చేతిలో ఉన్నవాడికి కష్టపడకుండా లాభం అప్పనంగా పోతుందన్నది. ఈ ఎత్తిపొడుపు అధికారికి ఎంత తగులుతుందో సేటుకూ అంతే తగులుతుంది. ఇవాళ ఒక ప్రైవేటు ఉక్కు సంస్థకు గని ఉండి, ప్రభుత్వ సంస్థకు లేకపోతే, ఆ రెండూ పోటీ పడ్డాయని, ఒకటి ఓడిందని చెప్పడం షెనాయ్ లెక్క కాదు.

విశాఖకు రెండు వైపులా అనుభవముంది కాబట్టి ఈ మాట అనగలను. ఇక్కడి ఓడల కర్మాగారాన్ని 1941లో మొదలుపెట్టింది వాల్‌చంద్ గారి ప్రైవేటు కంపెనీ, సింధియా. అది నిలబడలేక 1952లో ప్రభుత్వం చేతికొచ్చింది. బస్సు కండక్టరు ఇవాళ్టికీ "సింధియా, సింధియా" అనే అరుస్తాడు. 1967 నుంచి నడుస్తున్న కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీ ప్రైవేటుదే, బాగానే ఉంది. మింది దగ్గరి జింక్ స్మెల్టరు ప్రభుత్వం కట్టింది. 2002లో హిందుస్థాన్ జింక్ యాజమాన్యం ప్రైవేటు చేతికి మారింది. 2012లో విశాఖ స్మెల్టరు మూతపడింది. గాజువాకలో అమ్మకం అనగానే జనానికి ముందు గుర్తొచ్చేది ఆ గేటు. సిద్ధాంతం ఎవరిదైనా సరే, ఇక్కడివాళ్ల ముందు దాన్ని ఆ గేటు దగ్గర నిలబడి చెప్పాల్సి ఉంటుంది.

పెద్దాయనకు ఇదంతా చెప్పలేదు. షెనాయ్ అనే ఒక ప్రొఫెసరు, డబ్బు ఎక్కడిదో ముందు చెప్పండి అని అడిగాడని మాత్రం అన్నాను. "మంచిమాటే అడిగేడు. మరి భూమెక్కడిదో అడిగేడా?" అన్నాడు. అడగలేదు. పొదుపు పట్టికలో భూమి ఇచ్చినవాడి పద్దు ఉండదు. చౌకగా లాక్కున్న భూమి కూడా ఒక రకం లోటు బడ్జెట్టేనని నాకు అప్పుడే తోచింది. నోట్ల అచ్చులో భారం అందరి మీదా కొంచెం కొంచెం పడుతుంది, ఇక్కడ 64 ఊళ్ల మీదే పడింది.

2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఒప్పుకుంది. అందులో 10,300 కోట్లు మూలధనం. మిగతా 1,140 కోట్ల పాత అప్పును ఏడు శాతం ప్రాధాన్య వాటాలుగా మార్చారు, పదేళ్ల తర్వాత తీర్చాలి. సొంత గని సంగతి అందులో లేదు. ఆర్ కార్డుల సంగతీ లేదు.