పాత స్పోర్ట్స్ కారుకు సైడు అద్దాలు: డ్రిల్లు పట్టేముందు తెలుసుకోవాల్సిన అపోహలు – వాస్తవాలు

నెల్లూరు ఆటోనగర్‌లో మా షెడ్డుకు పాత కారు తెచ్చే వాళ్ళలో చాలామంది ఫోన్‌లో ఒకే రకం ఫొటో ఉంటుంది. ఎర్ర ఎంజీబీయో, పచ్చ ట్రయంఫ్ స్పిట్‌ఫైరో, రెండూ పాత ఇంగ్లండు స్పోర్ట్స్ కార్లే. ముందు మడ్‌గార్డుల మీద తళతళలాడే గుండ్రటి అద్దాలు రెండు. "మేస్త్రీ, అచ్చం ఇట్లాగే ఉండాల" అంటారు. కొందరు ఇంటి దగ్గరే టేపుతో కొలిచి, స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టుకొని వస్తారు. ఇంకొందరు వేరే చోట బొక్కలు కొట్టించేసి, ఏమీ కనబడట్లేదని వస్తారు. ఈ మూడో రకం వాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. దొరకని కారు, దొరకని రేకు. ఒకసారి బొక్క పడితే పడినట్టే.

అపోహ: ఫొటోలో అద్దం ఎక్కడుంటే మన కారుకూ అక్కడే బిగించాలి.

వాస్తవం: అద్దం ఎక్కడుండాలో తేల్చాల్సింది సీట్లో కూర్చున్న మనిషి కన్ను. ఫొటో తీసినవాడు కారు బయట నిలబడి తీశాడు. అతనికి అద్దం అందం కనబడుతుంది, అందులో ఏం కనబడుతుందో తెలియదు.

లెక్క చూడండి. 12 సెంటీమీటర్ల వెడల్పున్న చదును అద్దం తీసుకుందాం. డ్రైవరు డోరు మీద, కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో పెడితే వెనక 20 మీటర్ల దగ్గర దాదాపు 4 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. అంటే ఒక లారీ, దాని పక్కన ఇంకో బండి. అదే అద్దాన్ని మడ్‌గార్డు మీదికి జరిపితే కంటికి మీటరున్నర దూరం అవుతుంది. అప్పుడు కనబడేది ఒకటిన్నర మీటరు పైచిలుకు మాత్రమే. లారీ కూడా పూర్తిగా పట్టదు. మడ్‌గార్డు మీద చదును అద్దం బిగించుకొని నేషనల్ హైవే 16 మీద చెన్నై దాకా పోయే వాళ్ళను చూశాను. కావలి దగ్గర ఓవర్‌టేక్ చేసే బస్సు వాళ్ళకు అద్దంలో కాదు, హారన్‌లో తెలుస్తుంది.

మడ్‌గార్డే కావాలంటే ఉబ్బెత్తు అద్దం తప్పనిసరి. దాంట్లో వెడల్పు ఎక్కువ కనిపిస్తుంది. కానీ వెనక బండి చిన్నదిగా, ఉన్నదానికంటే దూరంగా అనిపిస్తుంది. ఉబ్బు ఎంత ఎక్కువైతే ఆ భ్రమ అంత ఎక్కువ. ఇక మీటరున్నర దూరంలో గుప్పెడంత గుండ్రటి ఉబ్బెత్తు అద్దంలో మోటార్‌సైకిల్ ఎంత కనిపిస్తుందో మీరే ఊహించుకోండి.

మరి ఆ ఫొటోల్లో వాళ్ళు అక్కడెందుకు పెట్టారంటారా? జపాన్ కార్లయితే కారణం చట్టం. అక్కడ 1983 దాకా మడ్‌గార్డు అద్దాలే ఉండాలనే నిబంధన. డాట్సన్ 240జెడ్ తరం కార్లకు ఆ దేశంలో అద్దాలు ముందుకు ఉండేది అందుకే. ఇంగ్లండు కార్ల సంగతి వేరు. చాలా వాటికి అప్పట్లో సైడు అద్దం అదనపు సామానే. కొన్నవాడు తనకు నచ్చిన చోట వేయించుకునేవాడు. 1962 నుంచి 1980 దాకా తయారైన ఎంజీబీల్లోనే మడ్‌గార్డు మీదివీ కనిపిస్తాయి, డోరు మీదివీ కనిపిస్తాయి. కాబట్టి "ఒరిజినల్ చోటు ఇదే" అని ఎవరన్నా గట్టిగా చెప్తే, ఏ సంవత్సరం బండి, ఏ దేశానికి పోయిన బండి అని అడగండి.

మా షెడ్డులో పద్ధతి ఇది. ఓనరును ఆయన రోజూ వేసుకునే చెప్పులతో, కళ్ళజోడుతో సీట్లో కూర్చోమంటాను. సీటు ఆయన నడిపేటప్పుడు ఎక్కడుంటుందో అక్కడికే జరపాలి. మా పిల్లోడు అద్దాన్ని చేత్తో పట్టుకొని డోరు మీద అంగుళం అంగుళం జరుపుతూ పోతాడు. వెనక రోడ్డు మీద ఇంకొకతను మోటార్‌సైకిల్ పట్టుకొని నిలబడతాడు. క్వార్టర్ గ్లాసు (డోరు ముందు మూలలో ఉండే చిన్న గ్లాసు) ఫ్రేము అడ్డం వస్తోందా, అద్దాన్ని చూడాలంటే తల ఎంత తిప్పాల్సి వస్తోంది, గుడ్డ టాపు వేస్తే ఏం మారుతోంది, ఇవన్నీ అప్పుడే తేలతాయి. బాగున్న చోట మాస్కింగ్ టేపు అంటించి గుర్తు పెడతాం. తర్వాత క్వార్టర్ గ్లాసు పూర్తిగా తెరుస్తాం, డోరు చివరిదాకా తెరుస్తాం, బానెట్ ఎత్తుతాం. ఏదీ అద్దానికి తగలకూడదు. డోరు గ్లాసు దించి లోపల ఎక్కడిదాకా వస్తుందో కూడా చూస్తాం. పొడుగు స్క్రూ వేస్తే గ్లాసు గీసుకుపోతుంది, ఇదీ చూసిన సంగతే. ఇంత అయ్యాక కూడా అదే రోజు డ్రిల్లు పట్టను. క్లాంపుతో తాత్కాలికంగా బిగించి, ట్రంక్ రోడ్డు రద్దీలో ఒకసారి, మైపాడు రోడ్డులో ఒకసారి తిప్పుకొని రమ్మంటాను. చాలామంది తిరిగొచ్చి రెండంగుళాలు ముందుకో వెనక్కో జరపమంటారు. ఆ రెండంగుళాలు టేపు మీద ఉన్నప్పుడు జరపడం తేలిక.

మడ్‌గార్డు అద్దం ఎవరికీ పనికిరాదని కాదు. కందుకూరు నుంచి ఒక రిటైర్డు లెక్చరర్‌గారు స్టాండర్డ్ హెరాల్డ్ తెచ్చారు. మద్రాసులో 1961 నుంచి తయారైన బండి, ట్రయంఫ్ హెరాల్డ్‌కు మన దేశపు రూపం. వాళ్ళ నాన్నగారిదట. రేకు మీద గీత పడుతుందేమోనని ఆయన చేయి వణకడం చూశాను. సారుకు మెడ నరాల నొప్పి, తల పక్కకు తిరగదు. డోరు మీద అద్దం పట్టి చూపిస్తే మెడతో పాటు భుజమంతా తిప్పాల్సి వచ్చింది. ఆయనకు మాత్రం ముందు వైపు అద్దమే మేలు, విండ్‌షీల్డు లోంచే కనిపిస్తుంది కాబట్టి. అయితే హెరాల్డ్‌కు మడ్‌గార్డులు, బానెట్ కలిపి ఒకే ముక్క. ఎత్తితే మొత్తం ముందుకు ఒరుగుతుంది. బానెట్ మూసిన ప్రతిసారీ అద్దం కదిలి సెట్టింగు పోతుంది. స్పిట్‌ఫైర్, జాగ్వార్ ఈ-టైప్ బానెట్‌లదీ ఇదే తీరు. అందుకని సారు అద్దాల కింద రేకుకు లోపలి నుంచి మందపాటి ప్లేటు వేసి, ఉబ్బెత్తు అద్దాలు బిగించాం. బానెట్ మూసేటప్పుడు గట్టిగా పడేయకుండా రెండు చేతులా దించి, పక్క లాచ్‌లు వేయడం చూపించి పంపాను. ఇప్పటికీ పండగకు ఫోన్ చేస్తారు.

అపోహ: రెండు అద్దాలూ రెండు పక్కలా సరిగ్గా ఒకే చోట ఉండాలి.

వాస్తవం: డ్రైవరు మధ్యలో కూర్చోడు. ఎడమ అద్దం ఎలాగూ దూరం, పైగా మధ్యలో పక్కసీటు మనిషి తల. దాన్ని కాస్త ముందుకు జరపాల్సి వస్తే జరపండి, అక్కడ ఉబ్బెత్తు అద్దమే వేయండి. ముందు నుంచి చూస్తే తేడా ఎవరికీ తెలియదు.

అపోహ: మన ఊళ్ళో కుడి అద్దం ఒక్కటి చాలు.

వాస్తవం: ఒంగోలు నుంచి చీమకుర్తి పోయే రోడ్డులో గ్రానైటు బండల ట్రెయిలరు కుడి పక్కన ఉన్నప్పుడు ఎడమ వైపు నుంచి ఆటో, మోటార్‌సైకిల్ ఎట్లా దూరిపోతాయో ఒకసారి చూడండి. నేలకు ఇంత తక్కువ ఎత్తులో కూర్చునే కారులో ఎడమ అద్దం లేకుండా తిరగడం నాకు నచ్చదు. ఒక్కటే పెట్టిస్తామని పట్టుబట్టే వాళ్ళతో ఇప్పటికీ వాదిస్తాను.

అపోహ: అద్దం పెడితే వింటేజ్ నంబరు రాదు.

వాస్తవం: ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, పాపం చాలామంది నిద్ర చెడగొట్టింది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన బండికి 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, తర్వాత రెన్యువల్‌కు 5,000. నంబరుకు అడ్డంకిగా అందులో ప్రస్తావించింది ఛాసిస్, బాడీ షెల్ (కారు రేకు గూడు), ఇంజనులో చేసిన పెద్ద మార్పుల గురించి. అయినా మీకు భయంగా ఉంటే క్లాంపు అద్దాలతోనే సరిపెట్టుకోండి. డోరు అంచును పట్టుకునే రకం దొరుకుతుంది, రబ్బరు వేసి బిగిస్తే రేకు మీద గీత పడదు. 1940ల ఎంజీ టీసీ లాంటి వాటికైతే విండ్‌షీల్డు పక్క బ్రాకెట్టుకే బిగించొచ్చు, కొత్తగా బొక్క అక్కర్లేదు.

అపోహ: బొక్క చిన్నదే కదా, అద్దం కింద కప్పుకుపోతుంది.

వాస్తవం: పైన కప్పుకుపోతుంది, కింద కాదు. పాత కార్ల మడ్‌గార్డుకు లోపల ప్లాస్టిక్ లైనరు ఉండదు. చక్రం ఎగజిమ్మే బురద నేరుగా ఆ స్క్రూ మీదే పడుతుంది. మనది సముద్రం గాలి. రెండు వర్షాకాలాలు గడిస్తే అద్దం చుట్టూ పెయింటు బుడగలు లేస్తుంది. కాబట్టి బొక్క కొట్టగానే అంచును నున్నగా రుద్ది, ప్రైమర్ వేసి, ఆరాకే రబ్బరు గాస్కెట్టు, స్టెయిన్‌లెస్ స్క్రూ. లోపలి వైపు గ్రీజు పూయడం మానొద్దు.

ఇప్పటికే తప్పు చోట బొక్కలు పడ్డ వాళ్ళు కంగారు పడొద్దు. పుట్టీతో మాత్రం పూడ్పించకండి. వెనక నుంచి తేమ పట్టి అది ఊడిపడుతుంది, పెయింటు కూడా పోతుంది. అదే మందం రేకు బిళ్ళ కోసి, వెల్డింగ్ చేయించి, రుద్ది, రెండు వైపులా ప్రైమర్ కొట్టించండి. రంగు కలపడానికి పెట్రోలు మూత వెనక దాగిన పెయింటును నమూనాగా ఇవ్వండి, అది ఎండకు వెలిసి ఉండదు.