నార్వే ఎందుకు ఆపింది? మలద్వారం మీదుగా చేసే క్యాన్సర్ ఆపరేషన్ వెనుక కథ

పొట్ట మీద పెద్ద కోత లేకుండా, మలద్వారం మీదుగా వెళ్లి పురీషనాళం (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్‌ను తీసేసే ఆపరేషన్ మళ్లీ వాదనలోకి వచ్చింది. చైనాలో 1,115 మందితో జరిగిన ట్రయల్ ఫలితాలు 2025 జనవరిలో అమెరికా వైద్య పత్రిక 'జామా'లో వచ్చాక దీన్ని సమర్థించే సర్జన్లకు బలం దొరికింది. మూడేళ్లలో క్యాన్సర్ అదే చోట తిరగబెట్టింది ఈ పద్ధతిలో 3.6 శాతం మందికి, పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే మామూలు లాప్రోస్కోపీలో 4.4 శాతం మందికి. మరి నార్వే దీన్ని ఎందుకు ఆపేసినట్టు?

సహజ ద్వారాల గుండా సర్జరీ ఎలా మొదలైందో చాలామందికి తెలుసు. 2004లో హైదరాబాద్‌లో డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి, డాక్టర్ జి.వి. రావు నోటి గుండా ఎండోస్కోప్ పంపి, జీర్ణాశయం గోడ దాటి వెళ్లి అపెండిక్స్ తీసిన సంగతి మనవాళ్లు గర్వంగానే చెప్పుకుంటారు. పురీషనాళం వరకు వస్తే, స్పెయిన్‌లోని బార్సిలోనాలో సర్జన్లు పాట్రీషియా సిల్లా, ఆంటోనియో లాసీ చేసిన మొదటి కేసు 2010లో అచ్చయింది. మగవాళ్ల ఇరుకైన కటి భాగంలో పైనుంచి అడుగుదాకా చేరడం చాలా కష్టం. కిందినుంచి వెళ్తే గడ్డ కింది అంచు కళ్లెదుటే ఉంటుంది. శాశ్వతంగా పొట్ట మీద మలం సంచీతో బతకాల్సిన అవసరం తప్పుతుందేమోనన్న ఆశ రోగికి ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు.

అసలు మలుపు 2018 చివర్లో వచ్చింది. ఈ ఆపరేషన్ చేయించుకున్న కొందరికి కటిలో క్యాన్సర్ త్వరగా, ఒకేసారి పలు చోట్ల తిరగబెడుతోందని నార్వే సర్జన్లు గమనించారు. సాధారణంగా కనిపించే తీరు అది కాదు. దేశమంతా ఆపేశారు. తర్వాత మొత్తం 157 మంది వివరాలు తీస్తే 12 మందికి తిరగబెట్టింది. ఇంకా అంతకాలం గడవనివాళ్లనూ లెక్కలోకి తీసుకుని వేసిన అంచనా ప్రకారం రెండున్నరేళ్లలోపు తిరగబెట్టేది 11.6 శాతం మందికి. అదే దేశంలో మామూలు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో అది 2.4 శాతమే. పేగు అతుకు లీకై మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చినవాళ్లు కూడా ఈ పద్ధతిలో 8.4 శాతం, మామూలు ఆపరేషన్‌లో 4.5 శాతం.

ఎందుకిలా? ఈ పద్ధతిలో ముందు గడ్డకు దిగువన పేగును లోపలినుంచి దారంతో ముడివేసి మూసేస్తారు. ఆ తర్వాతే గోడను కోస్తూ పైకి వెళ్తారు. లోపల కార్బన్ డయాక్సైడ్ వాయువు ఒత్తిడితో నిండి ఉంటుంది. ఆ ముడి కాస్త వదులైనా క్యాన్సర్ కణాలు కటిలోకి చిమ్మే ప్రమాదం ఉందని చాలామంది సర్జన్లు అనుమానిస్తున్నారు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. 1980ల చివర్లో నార్వేలోనే పురీషనాళం క్యాన్సర్ అదే చోట 28 శాతం మందికి తిరగబెట్టేది. ఇంగ్లండ్ సర్జన్ బిల్ హీల్డ్ 1982లో వివరించిన పద్ధతిలో, చుట్టూ ఉన్న కొవ్వుపొరతో సహా పురీషనాళాన్ని చెక్కుచెదరకుండా తీయడం నార్వే సర్జన్లు దేశమంతా నేర్చుకున్నారు. 1993లో మొదలుపెట్టిన జాతీయ ప్రాజెక్టులో ప్రతి రోగి వివరమూ రాసిపెట్టారు. పోల్చి చూసే లెక్క చేతిలో ఉంది కాబట్టే 2018లో తేడా అంత త్వరగా పట్టుకోగలిగారు. నా దృష్టిలో ఈ కథంతటికీ కీలకం అదే.

సమర్థకుల వాదన చిన్నది కాదు: తప్పు పద్ధతిది కాదు, నేర్చుకునే దశది. నెదర్లాండ్స్‌లో పద్ధతి ప్రకారం శిక్షణ ఇచ్చి మొదలుపెట్టినా, ఒక్కో ఆసుపత్రిలో మొదటి పదిమంది చొప్పున 120 మందిని చూస్తే 10 శాతం మందికి తిరగబెట్టింది. ఆ తర్వాతి రోగులలో అది 4 శాతానికి దిగింది. చైనా ట్రయల్‌లో చేసినవాళ్లు చేయి తిరిగిన సర్జన్లు. కాబట్టి ఆ ఫలితం నిజమే, కానీ ఇప్పుడే నేర్చుకుంటున్న సర్జన్ ముందు బల్లమీద పడుకున్న రోగికి అది వర్తించదు. ఆ మొదటి పదిమందీ ఎవరో ఒకరి నాన్న, ఎవరో ఒకరి అమ్మ.

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి క్యాన్సర్ రిజిస్ట్రీలు 1981 నుంచి ఉన్నాయి. అవి ఎంతమందికి ఏ క్యాన్సర్ వచ్చిందో లెక్కిస్తాయి. ఏ ఆసుపత్రిలో ఏ పద్ధతిలో కోశారు, మూడేళ్లకు కటిలో ఏమైంది అని లెక్కించడానికి వాటిని పెట్టలేదు. అందుకే ఈ ఆపరేషన్ సలహా వచ్చినవాళ్లు సర్జన్‌ను నేరుగా అడగాలి: ఇప్పటిదాకా మీరు ఇలాంటివి ఎన్ని చేశారు, వాళ్లలో ఎందరికి తిరగబెట్టింది, ఆ లెక్క ఎక్కడ రాసిపెట్టారు?