శాతవాహనుల సీసం ఏ కొండది?

శాతవాహనులు సీసంతో నాణేలు కొట్టించారని మన గుంటూరు, అమరావతి వైపు వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. మ్యూజియంలో అద్దం వెనక ఆ నల్లటి బిళ్ళల్ని చూసినప్పుడల్లా నాకు వచ్చే ప్రశ్న ఒకటే, ఇంత సీసం ఎక్కడిది? పాత గుంటూరు జిల్లాలోనే, వినుకొండ దగ్గర్లో అగ్నిగుండాల సీసం నిక్షేపాలున్నాయి. అక్కడిదేనా? రోమన్ వర్తకం రోజుల్లో సీసం ఓడల మీద మన దేశానికి వచ్చేది కూడా, మరి అదా?

నాణెం మీద ముద్ర అరిగిపోయినా ఆధారం లోహంలోనే ఉంటుంది. సీసంలో నాలుగు రకాల పరమాణువులున్నాయి: 204, 206, 207, 208. ప్రోటాన్లు అన్నిట్లోనూ 82, న్యూట్రాన్ల లెక్కలోనే తేడా, వీటినే ఐసోటోపులంటాం. భూమి పుట్టినప్పుడు 204 ఎంత ఉందో ఇప్పుడూ అంతే. మిగతా మూడూ పెరుగుతూ వచ్చాయి, ఎందుకంటే యురేనియం-238 క్షీణిస్తూ చివరికి 206గా, యురేనియం-235 207గా, థోరియం 208గా మారతాయి. 238 సగానికి తగ్గాలంటే సుమారు 447 కోట్ల ఏళ్ళు, 235కి 70 కోట్లు చాలు. సీసం యురేనియం నుంచి విడిపోయి రాతిలో ఖనిజంగా గడ్డకట్టిందంటే ఈ నాలుగింటి పాళ్ళు ఇక అక్కడితో ఆగిపోతాయి. అందుకే ఎప్పుడు, ఎలాంటి రాతిలో గడ్డకట్టిందో దాన్నిబట్టి గని గనికీ పాళ్ళు సాధారణంగా వేరుగా ఉంటాయి. తర్వాత కొలిమిలో కరిగించినా, అచ్చులో పోసినా, రెండు వేల ఏళ్ళు మట్టిలో పడున్నా దాదాపు మారవు. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

అమెరికా శాస్త్రవేత్త క్లేర్ ప్యాటర్సన్ 1956లో ఉల్కల్లోని సీసం పాళ్ళు కొలిచే భూమి వయసు 455 కోట్ల ఏళ్ళని తేల్చాడు. యురేనియంలోనూ ఇలాంటి లెక్కే దొరికింది. ఆఫ్రికా దేశం గాబన్‌లోని ఓక్లో యురేనియం గని ఖనిజంలో 235 వంతు 0.720 శాతం ఉండాల్సింది 0.717 ఉందని 1972లో ఫ్రాన్స్‌లో గమనించారు. ఆ చిన్న తేడా వెంట పడితే, సుమారు 200 కోట్ల ఏళ్ళ కిందట అక్కడ అణు రియాక్టర్ దానంతటదే నడిచిందని బయటపడింది!

మన నాణేనికి సూదిమొనంత పొడి చాలు. మాస్ స్పెక్ట్రోమీటర్‌లో బరువును బట్టి అయాన్లు (విద్యుదావేశం ఎక్కించిన పరమాణువులు) వేరవుతాయి, పాళ్ళు తెలుస్తాయి. అవి అగ్నిగుండాల రాయితో కలవకపోతే ఆ గనిని పక్కన పెట్టేయొచ్చు. కలిస్తే మాత్రం తొందరపడకూడదు, ఎందుకంటే ఎక్కడో ఉన్న ఇంకో గనికి కూడా అవే పాళ్ళు ఉండొచ్చు. ఇంకో చిక్కు, పాత నాణేల్ని కరిగించి కొత్తవి పోసుంటే రెండు మూడు గనుల సీసం కలగలిసిపోతుంది, అప్పుడు ఒక్క నాణెంతో పని జరగదు, ఒకే చోట దొరికిన కుప్పనంతా కొలవాల్సిందే.